మంచు సీమలో ఏ చెట్టు నాటవలెను?

చెట్టు నాటుట సులభము. ఏ చెట్టు నాటవలెనో నిర్ణయించుకొనుట కష్టము. ఒక యేడు పైరు తప్పినచో మరుసటి యేడు వేరొక పైరు వేసికొనవచ్చును. కాని నేడు నాటిన మొక్క పది పదిహేనేండ్లు మన భూమిని ఆక్రమించి యుండును. ఆ విషయమున జరిగిన పొరపాటును దిద్దుకొనుటకు సగము జీవితము పట్టును. వానలు కురిసి ఎండలు కాయు మన జిల్లాలలోనే ఈ సమస్య ఇట్లుండగా, శీతకాలమంతయు నేల గడ్డకట్టి యుండు ప్రదేశములలో రైతు ఎట్లు ఆలోచించి చెట్లు నాటుకొనుచున్నాడో తెలిసికొనుట మనకు ఆసక్తికరమే కాక ఉపయోగకరము గూడ.

అట్టి ప్రదేశము మన దేశముననే కలదు. హిమాలయములకు ఆవల, సింధునది ఎగువ భాగమున నున్న లడఖ్ సీమ అది. 2019 అక్టోబరు 31వ తేదీ నుండి ఇది ప్రత్యేక కేంద్రపాలిత ప్రాంతము. దీని ముఖ్య పట్టణమగు లేహ్ సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. సైన్యమున చేరి ఆ సరిహద్దులలో పనిచేసి, సెలవుపై స్వగ్రామములకు వచ్చు మన తెలుగు జవానులు అచ్చటి బోడి కొండలను గూర్చియు, వాని నడుమ కాలువల వెంబడి బారులు తీరిన పచ్చని చెట్లను గూర్చియు ఆశ్చర్యముతో చెప్పుచుందురు. ఆ చెట్లలో మిక్కిలి భాగము తమంతట తాము మొలచినవి కావు. ఒక్కొక్కటియు ఒక రైతు చేతితో నాటి, నీరు పోసి, పశువుల నోట బడకుండ కాపాడి పెంచినదే.

చలి యొక్కటే శత్రువు కాదు

లడఖ్ అనగానే మనకు మొదట తోచునది చలి. చలికాలపు రాత్రులందు లేహ్‌లో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పడిపోవుట కలదు. కాని చెట్టు పెంచు రైతునకు చలికంటె పెద్ద శత్రువు పొడితనము. వాన మేఘములను హిమాలయములు అడ్డగించుటచే అచ్చట సంవత్సరమునకు కురియు వానయు మంచుయు కలిపి సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. కరువు జిల్లాగా మనము చెప్పుకొను అనంతపురమున సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. దానిలో అయిదవ వంతు నీరు గూడ ఆకాశమునుండి రాని చోట వ్యవసాయమంతయు కొండలపై మంచు కరిగి వచ్చు నీటి మీదనే ఆధారపడియున్నది.

మూడవ శత్రువు కాలము. మొక్క పెరుగుటకు అనువైన దినములు వైశాఖమున ఆరంభమై భాద్రపదముతో ముగియును. ఆ కొద్ది నెలలలోనే చిగురించి, పెరిగి, చలికి సిద్ధపడవలెను. నాలుగవ శత్రువు పశువు. పచ్చని ఆకు అరుదైన ఆ నేలలో మేకకు, గొఱ్ఱెకు, గాడిదకు లేత బెరడు పంచభక్ష్య పరమాన్నము వంటిది.

కావున "చలికి తట్టుకొనునా?" అను ప్రశ్న ఒక్కటే చాలదు. తట్టుకొను చెట్టు త్వరగా పెరుగునా? దానికి కావలసిన నీరు మనకు కలదా? అది మనకిచ్చు ఫలితమేమి? ఈ ప్రశ్నలన్నిటికిని సమాధానము చెప్పుకొనిన పిమ్మటనే గునపము చేతబట్టవలెను.

చెట్టు చలికి ఎట్లు తట్టుకొనును?

నీరు గడ్డకట్టినపుడు ఉబ్బును. చెట్టు కణము లోపల మంచు ఏర్పడినచో కణము చచ్చును. శీతల దేశములందలి చెట్లు ఈ ప్రమాదమును తప్పించుకొను ఉపాయమును ఎరిగియున్నవి. పగటి పొద్దు తగ్గుచుండుటను గుర్తించి చలికి ముందే అవి పెరుగుట మానును, మొగ్గలను పొలుసులతో మూసికొనును, ఆకులు రాల్చును. కణములలో చక్కెర పదార్థము హెచ్చును. చలి ముదిరిన కొలది కణములలోని నీరు క్రమముగా వెలుపలికి వచ్చి సందులలో మంచుగా మారును. లోపల మంచు లేనందున కణము బ్రతికియుండును.

ఈ శక్తి ఎంత గొప్పదో 1960లో జపాను శాస్త్రజ్ఞుడు అకీరా సకాయి నిరూపించెను. చలికి అలవాటు పడిన విల్లో, పోప్లార్ కొమ్మలను మొదట క్రమముగా చల్లబరచి, పిదప సున్నకు దిగువ 196 డిగ్రీల చలిగల ద్రవ నత్రజనిలో ముంచినను అవి బ్రతికెను. అనగా సిద్ధపడిన కొమ్మకు లడఖ్ చలి లెక్కలోనిది కాదు. ప్రమాదమంతయు సిద్ధపడని కొమ్మకే.

ఇందుండి రైతు గ్రహింపవలసిన సంగతులు మూడు కలవు. మొదటిది: వెచ్చని మైదానములనుండి తెచ్చిన కొమ్మ ఆ ప్రదేశపు పొద్దునకు అలవాటు పడియుండదు. అది ఆలస్యముగా వరకు చిగురించుచునే యుండి తొలి మంచుకే మాడిపోవును. కనుక నాటు కొమ్మను అదే లోయనుండి గాని, అంతకంటె చలిగల చోటునుండి గాని తెచ్చుకొనవలెను. రెండవది: వేసవి చివర నీరును ఎరువును తగ్గించి చెట్టు పెరుగుటను మాన్పవలెను, ఆకు రాలిన తరువాత, నేల గడ్డకట్టక ముందు, ఒకసారి నిండుగా నీరు పెట్టవలెను. మూడవది: చలికాలమున నేలలోని నీరు గడ్డకట్టి వేళ్లకు అందకుండగా, పైన ఎండయు గాలియు కొమ్మలోని తడిని పీల్చివేయుచుండును. చలికి చచ్చినవని మనము తలచు లేత మొక్కలలో అనేకము నిజమునకు దాహముతో చచ్చినవే. పగలు నైరుతి ఎండకు వేడెక్కిన బెరడు రాత్రి ఒక్కసారిగా చల్లబడి పగులుట గూడ కలదు. లేత మానులకు అడుగున సున్నము పూయుటయో, గోనెపట్టా చుట్టుటయో దీనికి విరుగుడు.

రెండు ముఖ్య వృక్షములు

లడఖ్ గ్రామములందు తరతరములుగా రైతు నమ్మిన చెట్లు రెండు: విల్లో, పోప్లార్. విల్లోను అచ్చటివారు చంగ్మా అందురు. ఈ రెండును దగ్గరి చుట్టములు. రెండింటికిని విత్తనముతో పనిలేదు. కొమ్మ నరికి నాటిన వేరు పట్టును. రెండును మంచుకు వెరవవు, త్వరగా పెరుగును. నీరు మాత్రము పుష్కలముగా కోరును. ఇంతవరకు పోలిక. రైతునకు ఇవి చేయు మేలులో మాత్రము చాల భేదమున్నది.

విల్లో పశువుల చెట్టు, పొయ్యి చెట్టు, కాలువగట్టు చెట్టు. దాని ఆకు గొఱ్ఱెలకు, మేకలకు, ఆవులకు మేత. కోసి ఎండబెట్టి దాచిన ఆకు కొమ్మలు మంచు నెలలలో గడ్డికి తోడగును. దాని వేళ్లు గుబురుగా అల్లుకొని కాలువగట్టును, వాగు ఒడ్డును కోసుకొని పోకుండ పట్టియుంచును. దీనిని మొదలంట నరకరు. మనిషి ఎత్తున మాను నిలిపి, పైకొమ్మలను మూడు నాలుగేండ్లకొకసారి నరుకుదురు. నరికిన తల నుండి మరల నిటారు కొమ్మలు గుత్తిగా లేచును. పశువునకు అందని ఎత్తున చిగురు పుట్టుటయే ఈ పద్ధతిలోని కిటుకు. ఇట్లు నరకబడుచు లావెక్కిన ముదుసలి మానులు లడఖ్ గ్రామములందు అడుగడుగున కనబడును. తాత నాటిన చెట్టు కొమ్మను మనుమడు నరకుకొనుచుండును. చెట్టు మాత్రము అట్లే యుండును.

పోప్లార్ ఇంటి చెట్టు. అది నిటారుగా పెరుగును. దగ్గర దగ్గరగా నాటినచో పక్కకొమ్మలు తగ్గి స్తంభమువలె పైకి పోవును. తిన్నని పొడవైన దూలము కావలసినవానికి ఆ చలి సీమలో ఇంత త్వరగా చేతికి వచ్చు చెట్టు వేరొకటి లేదు. ఐనను దూలమునకు తగిన లావు పట్టుటకు పదేండ్లకు పైబడి కాలము కావలెను. విల్లోవలె ఏటేట ఫలితమీయదు. వేచియున్నవానికే ఫలించును. దాని వేళ్లు పైపైన దూరముగా ప్రాకి పిలకలు వేయును. కావున మట్టిగోడల ఇంటికి దగ్గరగా దానిని నాటరాదు. కనీసము 30 అడుగులు విడుచుట మంచిది. దాని పొడవైన నీడ చేను మీద పడినచో బార్లీ పైరు తగ్గును. ఆ దేశమున మధ్యాహ్నపు నీడ ఎల్లప్పుడును ఉత్తరమునకే పడును గనుక, చేనికి ఉత్తరపు గట్టున నాటిన పైరునకు నష్టము తక్కువ.

ఇంటి కప్పు రహస్యము

ఈ రెండు చెట్లును ఒకదానికొకటి ఎట్లు తోడగునో చూడవలెనన్న లడఖ్ ఇంటి లోపల నిలిచి తలయెత్తి చూచిన చాలును. మన రాయలసీమ మట్టిమిద్దె నెరిగినవారికి ఆ కప్పు క్రొత్త కాదు. గోడ మీద నుండి గోడ మీదికి పోప్లార్ దూలములు పరతురు. వీనిని దుంగ్మా అందురు. వాని మీద అడ్డముగా వేలి లావు మొదలు మణికట్టు లావు వరకు గల విల్లో కర్రలను సందులేకుండ పేర్చుదురు. ఇవి తాలు. ఆపై గడ్డి, దాని మీద మందముగా మట్టి. అనగా పోప్లార్ లేనిదే దూలము లేదు. విల్లో లేనిదే పైకప్పు నిండదు. ఒకటే నాటినవాడు రెండవదానిని సొమ్ము పెట్టి కొనవలసినవాడే. 1974లో లడఖ్‌ను యాత్రికులకు తెరచిన తరువాత అతిథి గృహములు పెరిగి కలపకు గిరాకి మిక్కిలి హెచ్చినది. కలప దూరమునుండి లారీల మీద రావలసిన చోట సొంత గట్టున నిలిచిన పోప్లార్ వరుస రైతునకు బ్యాంకులోని సొమ్ముతో సమానము.

ఈ మట్టికప్పు కొద్దిపాటి వానకు తగినది. 2010 ఆగస్టు 5వ తేదీ రాత్రి లేహ్ ప్రాంతమున మేఘములు బ్రద్దలై కురిసినపుడు వరదయు బురదయు ఇండ్లను ముంచెత్తి వందలకొలది ప్రాణములు పోయినవి. వాలు నేలలపై చెట్లు పెంచుట, కాలువగట్లను వేళ్లతో పటిష్ఠము చేయుట ఎంత అవసరమో ఆ ఘోర అనుభవము తరువాత మరింత తెలియవచ్చినది. అంతటి వరదను చెట్టు ఆపలేకపోవచ్చును. కాని చిన్న వరదలకు గట్టు తెగకుండ కాపాడునది ఆ వేరే.

నీటి లెక్క

లడఖ్ గ్రామమున కాలువ నీరు ఊరుమ్మడి సొత్తు. దానిని వంతుల ప్రకారము పొలములకు విడుచుటకు ఊరివారు ఒక మనిషిని ఏర్పరచుకొందురు. అతనిని చుర్పోన్ అందురు. మన చెరువుల క్రింద నీరుకట్టువాడు, నీరడి చేయు పనియే అతడును చేయును. చెట్టునకు పెట్టు ప్రతి చుక్కయు చేనికి దక్కవలసిన నీటినుండి తీయవలసినదే.

ఇందు మరియొక చిక్కు కలదు. విత్తనములు చల్లునదియు, కొమ్మలు నాటునదియు వసంతకాలముననే. కాని ఆ సమయమున పై కొండలలోని మంచు ఇంకను కరగదు. నీరు పొంగి వచ్చునది జూన్ తరువాత. మొక్కకు దాహము మెండుగా నుండు ఏప్రిల్, మే నెలలలో కాలువ సన్నగిల్లియుండును. మరి చలికాలమున వాగులలో సన్నగా పారు నీరు ఎవరికిని ఉపయోగపడక పోవుచుండును.

ఈ సంగతిని గమనించి చేవాంగ్ నార్ఫెల్ అను సివిల్ ఇంజనీరు 1987 ప్రాంతము నుండి చలికాలపు నీటిని ఊరికి దగ్గరి నీడలోయలలో మళ్లించి గడ్డకట్టించి, వసంతమున అది ముందుగా కరిగి పొలములకు అందునట్లు చేసెను. 2015లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. సోనమ్ వాంగ్‌చుక్ అను మరియొక ఇంజనీరు నీటిని గొట్టముల ద్వారా దించి, పైకి చిమ్మించి, స్తూపాకారమున మంచుగోపురమును నిర్మించెను. కోసుగా నున్న మంచుకు ఎండ తగులు భాగము తక్కువ. కావున అది నెమ్మదిగా కరుగును. 2015లో ఫ్యాంగ్ గ్రామమున ఇట్టి మంచు స్తూపము సుమారు 20 మీటర్ల ఎత్తున నిలిచినది. దాని నీటిని ఎడారి నేలలో నాటిన సుమారు 5,000 పోప్లార్, విల్లో మొక్కలకు వాడిరి. చెట్టు పెంపకమున మొదటి ప్రశ్న నీరేయని ఇంతకంటె చక్కగా చెప్పు నిదర్శనము లేదు.

కొమ్మ నాటు విధము

మొగ్గలు విచ్చక ముందు, నేల కరిగిన వెంటనే నాటవలెను. మేకకు అందని ఎత్తుండవలెనని లడఖ్ రైతులు చిన్న కొమ్మముక్కలకు బదులు మనిషికంటె పొడవైన కర్రలనే నాటుదురు. ఆరోగ్యము గల చెట్టు నుండి మణికట్టు లావు గల నిటారు కర్రను నరికి, కొన్ని దినములు మొదలు పారు నీటిలో మునుగునట్లు ఉంచుదురు. లోతుగా గుంట త్రవ్వి, కర్రను దించి, గాలి సందు లేకుండ మట్టి దట్టింతురు. పై కొన ఎండిపోకుండ మట్టి ముద్ద పెట్టుటయు మంచిదే. పిదప నీరు. మొదటి వేసవిలో తడి ఆరనీయరాదు. రెండవ, మూడవ వేసవులలో గూడ వంతు తప్పకుండ నీరు పెట్టవలెను. మూడేండ్లు దాటిన చెట్టు తన వేరుతో తాను నీరు వెదకుకొనును.

లడఖ్ వీధులలో లేత మానులకు అడుగు నుండి నడుము ఎత్తు వరకు ఖాళీ నూనె డబ్బాలను తొడిగియుండుట క్రొత్తవారికి వింతగా తోచును. డబ్బా అడుగును మూతను తీసివేసి, ఒకదానిపై నొకటిగా తొడిగిన కవచమది. పశువు పంటికి అంతకంటె చవుకైన అడ్డు లేదు.

ఒకే చెట్టును నమ్ముకొనరాదు

కొమ్మతో నాటుటలో గొప్ప సుగుణము త్వరితము. దానిలోనే గొప్ప ప్రమాదమును దాగియున్నది. ఒక చెట్టు నుండి నరికి నాటిన వేయి కర్రలును గుణమున ఒకే చెట్టు. దాని బలమే వాని బలము. దాని రోగమే వాని రోగము.

హిమాచల ప్రదేశములోని లాహౌల్ లోయ ఈ పాఠమును బాధతో నేర్చుకొన్నది. అదియు లడఖ్ వంటి చలి సీమయే. అచ్చటి రైతులు వంటచెరకునకు, మేతకు ముఖ్యముగా ఒక జాతి విల్లోనే నాటిరి. గడచిన కొన్ని దశాబ్దములలో ఆ తోటలకు ఎండు తెగులు పట్టి చెట్లు విస్తారముగా చచ్చినవి. పురుగు, శిలీంధ్రము, నీటి కొరత, ముసలితనము అను కారణములన్నియు కలిసినవి. కాని కష్టమును లోయ అంతట ప్రాకించినది ఆ చెట్లన్నియు ఒకే జాతికి చెందుటయే. మంచు దారులు మూసివేయు ఊరిలో పొయ్యిలోనికి కట్టె లేకపోవుటయనగా ఏమో మనము ఊహించుకొనవచ్చును.

కాశ్మీరమున మరియొక తరహా చిక్కు వచ్చినది. పోప్లార్‌లో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ఆడచెట్టు గింజలు దూదితో గూడి వేసవి ఆరంభమున గాలిలో మంచువలె ఎగురును. త్వరగా పెరుగునని 1980ల దశకము నుండి కాశ్మీరమున విరివిగా నాటిన ఒక పోప్లార్‌ను జనులు రష్యా పోప్లార్ అని పిలిచిరి. నిజమునకు దాని జన్మభూమి ఉత్తర అమెరికా. దాని దూది వలన దగ్గు, ఆయాసము వచ్చుచున్నవని ఆందోళన లేచి 2015లో ఉన్నత న్యాయస్థానము ఆ ఆడచెట్లను నరికింపుడని ఆదేశించినది. 2020లో మరల నరకుట సాగినది. గింజదూది పుప్పొడి కాదనియు, శ్వాసబాధ కలిగించునది ముఖ్యముగా ఇతర చెట్ల, గడ్డి జాతుల పుప్పొడియనియు శాస్త్రజ్ఞులు చెప్పుచునే యుండిరి. నిజమేదైనను, ఆపిల్ పెట్టెలకు కలప ఇచ్చు చెట్లను పెంచిన రైతునకు నష్టము తప్పలేదు. నాటు రోజున మగచెట్టు నుండి కొమ్మ తెచ్చుకొనియుండిన దూదియే యుండెడిది కాదు. కొమ్మతో పుట్టిన చెట్టు తల్లిచెట్టు లింగమునే పొందును గదా.

కంప చెట్లు, పండ్ల చెట్లు

నీరు అందని బీడునకు విల్లో, పోప్లార్ తగవు. అట్టి చోట సీబక్‌థార్న్ అను ముండ్ల పొద మేలు. లడఖ్‌లో దీనిని త్సెర్మాంగ్ అందురు. నదీతీరపు ఇసుకరాళ్లలో అది తనంత తాను పెరుగును. దాని వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలమిచ్చును. ముండ్లు కంచె యగును. నారింజ వన్నె చిన్నపండ్లలో సి విటమిను సమృద్ధిగా కలదు. వాని రసము నేడు వ్యాపార వస్తువైనది. ఐతే ఇది పిలకలతో ప్రాకును గనుక చేనిలోనికి రానీయరాదు. వెండివన్నె ఆకుగల సర్సింగ్ అను చిన్న చెట్టును ఈ తెగదే. పొడిని, చవుడును తట్టుకొనును.

త్వరగా పెరుగు చెట్లనే తలచి నిదానముగా పెరుగు చెట్లను మరువరాదు. ఎత్తు తక్కువగా నుండి గాలి మరుగుగల గ్రామములందు చులి అను ఆప్రికాట్ చెట్టు పండును, గింజనూనెను ఇచ్చి ఏటేట డబ్బు తెచ్చును. అక్రోటు తరువాతి తరమునకు ఆస్తి. ఇక షుక్పా అను జ్యూనిపర్ ఆ నేల యొక్క సహజ వృక్షము. దాని ఆకును బౌద్ధులు పూజలలో ధూపము వేయుదురు. హెమిస్ షుక్పాచన్ అను గ్రామమునకు ఆ చెట్టు పేరే వచ్చినది. అది మిక్కిలి నెమ్మదిగా పెరుగును. కావుననే నరికినంత త్వరగా తిరిగి రాక చాలచోట్ల తరిగిపోయినది. పొయ్యికి విల్లో కట్టె ఇంట నున్నచో కొండ మీది షుక్పా బ్రతుకును. త్వరగా పెరుగు చెట్టు చేయు మేళ్లలో ఇదియు ఒకటి.

ఒక రైతు నిర్ణయము

ఈ సంగతులన్నిటిని ఒక ఉదాహరణముతో ముడివేసి చూతము. లేహ్‌నకు పడమట, సింధునది దిగువన ఒక గ్రామమున ఒక రైతు కలడనుకొందము. కాలువ చివర అతనికి అర ఎకరము బీడు కలదు. రెండు ఆవులు, కొన్ని గొఱ్ఱెలు. కొడుకునకు ఎనిమిదేండ్లు. పదిహేనేండ్లకు వానికి ఇల్లు కట్టవలెను.

దూలముల నిమిత్తము నేలంతయు పోప్లార్ నాటుటకు అతని మనసు ఉవ్విళ్లూరవచ్చును. కాని పదిహేనేండ్లు ఆవులేమి తినవలెను? పొయ్యి ఎట్లు మండవలెను? అట్లని అంతయు విల్లో నాటినచో కొడుకు ఇంటి దూలమునకు అప్పు చేయవలెను. అన్నిటికంటె ముందు, వసంతకాలపు నీటి వంతులో ఎన్ని కర్రలను తడుపగలడో అతడు లెక్కించుకొనవలెను. నూరు నాటి ఇరువది దక్కించుకొనుటకంటె ముప్పది నాటి ముప్పదిని దక్కించుకొనుట మేలు.

నీరు తప్పక అందు ఉత్తరపు గట్టున ఒక వరుస పోప్లార్. రెండు మూడు వేర్వేరు మగచెట్ల నుండి తెచ్చిన కర్రలు. కాలువ ఒడ్డున విల్లో. అదియు ఒకే జాతి గాక, ఊరిలో ఆరోగ్యముగా నిలిచిన వేర్వేరు చెట్లది. నీరందని వెలుపలి అంచున సీబక్‌థార్న్ కంప. గాలి తగులని గోడ మరుగున రెండు ఆప్రికాట్లు. మూడవ యేట కంప నిలుచును. అయిదారేండ్లకు విల్లో మేతయు, పొయ్యి కట్టెయు, తాలు కర్రలును దొరకును. కొడుకు పెండ్లినాటికి దూలములు సిద్ధమగును. నేల చిన్నదే, నీరు కొంచెమే. కాని ఒక్కొక్క చెట్టును దాని పనికి, దాని చోటికి నియమించుటచే ఆ కొంచెమే చాలినది.

మనకు పాఠము

ఆ చెట్లు మన నేలలో పెరుగవు, పెంచబూనుటయు తగదు. కాని ఆ ఆలోచన ఏ నేలకైనను చెల్లును. మన తీరమున సరుగుడు, మెట్టలలో సుబాబులు, నీలగిరి, ఏజెన్సీ కాఫీ తోటలలో సిల్వర్ ఓక్ త్వరగా పెరుగునవే. వానిని నాటుటకు ముందు మనమును ఆ రైతు వేసికొనిన ప్రశ్నలనే వేసికొనవలెను. నీరెంత? చోటేది? పని యేమి? ఎన్నేండ్లు వేచియుండగలను? అంతయు ఒకే జాతి నాటి, దానికి తెగులు గాని, ధర పతనము గాని వచ్చిన దినమున నాకు మిగులునదేమి? త్వరగా డబ్బునిచ్చు చెట్టు ప్రక్కన ఒక వేపకు, ఒక చింతకు, ఒక పనసకు చోటు విడిచితినా?

చెట్టు నాటు రైతు తన చేతితో పదిహేనేండ్ల తరువాతి దినమునకు ఉత్తరము వ్రాయుచున్నాడు. ఆ ఉత్తరము అందుకొనువారు అతని బిడ్డలు. కర్రను గుంటలో దించుటకు ముందు ఒక పూట కూర్చుండి ఆలోచించిన నష్టము లేదు. ఆలోచింపక నాటిన పదిహేనేండ్లు నష్టము.